పిక్కలో మోటారు, సిరలో ఫుట్ వాల్వ్

తొడల మీద సాలెగూడులా ఎర్రటి, నీలి గీతలు వచ్చాయి, కాలు మీద కాలు వేసుకుని కూర్చోవడం వల్లేనా అని ఒక పాఠకురాలు అడిగారు. కాదు. ఆ మాట ఎవరు పుట్టించారో గానీ దానికి ఆధారం లేదు.

ముందు ఒక పని చేయండి. చెయ్యి కాసేపు కిందికి వేలాడేస్తే నరాలు ఉబ్బుతాయి. (మనం నరాలంటాం గానీ అవి సిరలు, అంటే రక్తాన్ని గుండెకు తిరిగి తీసుకెళ్లే గొట్టాలు.) ఒక సిరను వేళ్ల వైపు నొక్కి పట్టి, ఇంకో వేలితో రక్తాన్ని మోచేతి వైపు తోసేయండి. తోసిన వేలు తీసేసినా, మధ్యలో కవాటం (రక్తాన్ని ఒకవైపే పోనిచ్చే తలుపు) ఉంటే దాని కింది భాగం ఖాళీగానే ఉంటుంది. నొక్కిన వేలు తీశారా, కిందినుంచి టక్కున నిండుతుంది. రక్త ప్రసరణను వివరించిన ఇంగ్లండ్ వైద్యుడు విలియం హార్వే 1628లో చూపించింది ఇదే. బళ్లో గుండె బొమ్మ పదిసార్లు గీయించే బదులు ఇదొక్కసారి చేయిస్తే పిల్లలు జన్మలో మర్చిపోరు.

ఆ కవాటం అచ్చం బావి మోటారుకు ఉండే ఫుట్ వాల్వే. మోటారేమో పిక్క కండరం. కదలకుండా నిలబడితే చీలమండ దగ్గరి సిరలో పీడనం 80-90 మిల్లీమీటర్ల పాదరసం ఉంటుంది. నడిస్తే పిక్క రక్తాన్ని పైకి పిండుతుంది, పీడనం 30 దాకా పడిపోతుంది. ఫుట్ వాల్వ్ లీకైతే? ఎక్కించిన నీళ్లు మళ్లీ బావిలోకే. ఆ బరువు చర్మం కింది ఒక మిల్లీమీటరు కూడా లేని సన్నటి సిరల మీద పడితే అవి సాగి పైకి కనిపిస్తాయి, ఆ సాలెగూడు గీతలు ఇవే. అందరికీ వాల్వే కారణం కాదు. వంశం, గర్భం, హార్మోన్లు, వయసు, గంటల తరబడి నిలబడే పని, వీటన్నిటికీ వాటా ఉంది.

చికిత్సలో నాకు ముచ్చటేసేది స్క్లెరోథెరపీ. జుట్టంత సన్నటి సూదితో పోలిడోకనాల్ లాంటి మందు ఎక్కిస్తారు. అది సిర లోపలి పొరను కావాలనే దెబ్బతీస్తుంది. గోడలు అతుక్కుపోతాయి, కొన్ని వారాల్లో శరీరం దాన్ని కరిగించేసుకుంటుంది. మరి రక్తం ఎటు పోతుందని టెన్షన్ వద్దు, పక్కన బోలెడు దారులున్నాయి. కొందరికి కొన్నాళ్లు గోధుమరంగు మచ్చ ఉంటుంది. గర్భిణులకు సాధారణంగా చేయరు.

లేజర్ చికిత్సలో రక్తంలోని హిమోగ్లోబిన్ కాంతిని పీల్చుకుని వేడెక్కుతుంది, ఆ వేడికి సిర గోడ దెబ్బతింటుంది. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కూడా అదే కాంతికి ఎగబడుతుంది. అందుకే చామనఛాయ వారికి 532 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న లేజర్ కంటే, మెలనిన్ తక్కువగా పీల్చుకునే 1064 నానోమీటర్ల లేజర్ క్షేమం.

బిగుతు మేజోళ్లు బరువు, నొప్పి తగ్గిస్తాయి గానీ వచ్చిన గీతల్ని చెరపవు. ముక్కు, బుగ్గల మీది గీతలకైతే ఈ మోటారు కథే వర్తించదు, అక్కడ ఎక్కువగా ఎండనో రోసేషియానో (ముఖం ఎర్రబడే చర్మవ్యాధి) అనుమానించాలి.