వెనుక చక్రం దగ్గర దాగిన రబ్బరు

విజయవాడ ఆటోనగర్‌లో బిగుసుకున్న భాగాలను నొక్కి తీసే ప్రెస్ యంత్రం ఉన్న షెడ్డు ముందు కాసేపు నిలబడితే, కార్ల వెనుక ఆర్మ్‌లలోంచి, అంటే చక్రాన్ని బాడీకి కలిపే చేతుల్లోంచి, కొట్టి తీసిన పాత బుష్‌లు నూనె మట్టిలో పడి కనిపిస్తాయి. లోపల ఒక ఉక్కు గొట్టం, బయట మరొకటి, రెంటి నడుమ అతికిన రబ్బరు. గుప్పిట్లో ఇమిడే ఈ వస్తువును తీయించి, ఆ చోట గోళాకార బేరింగు బిగిస్తే కారు గీత గీసినట్టు పోతుందని వేగం మీద మోజున్నవారు అంటారు. ఆ మాటలో నిజం ఉంది కాని, రబ్బరు ఏం చేస్తున్నదో తెలియకుండా దాన్ని తీయించడం తొందరపాటు అవుతుంది.

బుష్ చూడడానికి కీలులా ఉన్నా, అందులో ఏదీ దేనిమీదా జారదు. లోపలి గొట్టాన్ని బోల్టు కారు బాడీకి బిగించి ఉంచుతుంది, బయటి గొట్టం ఆర్మ్‌లో బిగుసుకొని ఉంటుంది, చక్రం లేచి దిగినప్పుడల్లా మధ్యనున్న రబ్బరే మెలిపడి మళ్లీ సర్దుకుంటుంది. జారే తలం లేదు కనుక గ్రీజు అక్కర్లేదు, దుమ్ము దూరే సందూ లేదు. మెలిపడిన రబ్బరు వెనక్కి లాగుతుంది కాబట్టి అది కొంత స్ప్రింగు కూడా. ఆ మెలికలో పడిన శక్తిలో ఒక భాగం వేడిగా మారిపోతుంది కాబట్టి కొంత షాక్ అబ్జార్బరు కూడా. రబ్బరు ఆకారం మారుతుందే గాని ఘనపరిమాణం దాదాపు మారదు. అందుకే ఒక దిశలో మెత్తగా, మరో దిశలో గట్టిగా ఉండాలనుకున్న చోట తయారీదారులు దానిలో కావాలనే ఖాళీలు వదులుతారు. ఆ ఖాళీలను చూసి బుష్ చిరిగిపోయిందని కొత్తది వేయించుకున్నవారూ ఉంటారు.

లోపం కూడా ఆ మెత్తదనంలోనే ఉంది. మలుపులో కారు బరువు పక్కకు తోసినప్పుడు బుష్ నలిగి, చక్రం చూసే దిశ కొద్దిగా మారుతుంది. చక్రాన్ని నిలబెట్టే రెండు బుష్‌ల మధ్య దూరం 30 సెంటీమీటర్లు అనుకుందాం. వాటిలో ఒకటి 1 మిల్లీమీటరు నలిగితే చక్రం దాదాపు 0.2 డిగ్రీలు తిరుగుతుంది. గుంటూరు దారిలో గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు, అంత తేడాతో చూస్తున్న చక్రం సెకనుకు సుమారు 9 సెంటీమీటర్లు పక్కకు పోజూస్తుంది. వేడికీ, గాలిలోని ఓజోనుకూ, కారిన నూనెకూ పాతబడిన రబ్బరులో ఈ నలుగుడు ఇంకా పెరుగుతుంది. మన మే నెల ఎండలు రబ్బరుకు చేసే మేలు ఏమీ లేదు.

గోళాకార బేరింగులో నున్నని ఉక్కు గోళం ఒకటి గిన్నెలాంటి వలయంలో తిరుగుతుంది. బ్రిటన్‌లో దీని కుటుంబానికి చెందిన కడ్డీ కొన కీలును రోజ్ జాయింట్ అనీ, అమెరికాలో హైమ్ జాయింట్ అనీ పిలుస్తారు. మంచి రకాల్లో గోళానికీ వలయానికీ మధ్య టెఫ్లాన్ పొర ఉంటుంది. గోళం బోల్టు చుట్టూ స్వేచ్ఛగా తిరుగుతుంది, కొన్ని డిగ్రీల మేర ఏ పక్కకైనా ఒరుగుతుంది, కాని పక్కకు తోస్తే దాదాపు కదలదు. ఆర్మ్ ఒకేసారి రెండు దిశల్లో తిరగవలసిన చోట దీని విలువ తెలుస్తుంది. అక్కడ రబ్బరుకు బదులు గట్టి పాలియురేథేన్ ప్లాస్టిక్ బుష్ వేస్తే అది బిగుసుకుపోయి సస్పెన్షన్‌ను పట్టేస్తుంది, గోళానికి ఆ ఇబ్బంది లేదు.

అయితే స్ప్రింగు పనీ, అదిరిపాటును మింగే పనీ గోళం చేయదు. కనకదుర్గ ఫ్లైఓవర్ మీద అతుకు దాటిన ప్రతిసారీ రబ్బరు ఆపుతూ వచ్చిన ఆ చిన్న దెబ్బ నేరుగా బాడీకి చేరి, వెనుక సీటు కింద మోతగా వినిపిస్తుంది. ఇసుక లారీల వెనుక లేచే రేణువులు టెఫ్లాన్ పొరలో చిక్కుకుంటే అవే దాన్ని అరగదీస్తాయి. మిల్లీమీటరులో చిన్న వంతు సందు ఏర్పడినా చాలు, టక్‌టక్‌మని శబ్దం మొదలవుతుంది. రేసు కారుకు బేరింగులను తరచూ విప్పి చూస్తారు. బందరు రోడ్డులో రోజూ ఆఫీసుకు పోయే కారుకు ఎవరు చూస్తారు? పైగా మన చిన్న కార్లలో చాలావాటికి వెనుక ఉండేది రెండు చక్రాలనూ కలుపుతూ మెలిపడే ఒకే దూలం, దానికి ముందు వైపు రెండే బుష్‌లు. కొన్నింటిలో మలుపులో దూలం తప్పు దిశకు తిరగకుండా ఆ బుష్‌లను ఏటవాలుగా అమరుస్తారు. అక్కడ బేరింగు వేస్తే ఆ లోపమూ దానికి చేసిన దిద్దుబాటూ కలిసే పోతాయి, మోత మిగులుతుంది.

రోజువారీ కారుకు కొత్త రబ్బరు బుష్‌లే చాలునని నా అభిప్రాయం, కాని వాటిని బిగించే తీరు ముఖ్యం. కారును లిఫ్టు మీద ఎత్తి, చక్రాలు వేలాడుతుండగానే బోల్టు పూర్తిగా బిగిస్తే, కారు నేలకు దిగిన క్షణం నుంచీ రబ్బరు రాత్రింబవళ్లు మెలిపడే ఉండి త్వరగా చిరుగుతుంది. ఆర్మ్ కింద జాకీ పెట్టి, కారు నేలమీద నిలిచినప్పటి ఎత్తుకు తెచ్చాకే చివరి బిగింపు వేయాలి, ఆ తరువాత చక్రాల అలైన్‌మెంటు చూపించాలి. ఈ ఒక్క విషయంలో మాత్రం బేరింగుదే సుఖం: తిరిగేది గోళమే కనుక, బోల్టును ఏ ఎత్తులో బిగించినా దానికి ఒకటే.