మళ్లీ కుక్క కరిస్తే రెండు డోసులే ఎందుకు?

కుక్క కాటు అనగానే పెద్దవాళ్లకు ఇప్పటికీ గుర్తొచ్చేది బొడ్డు చుట్టూ పొడిచే 14 ఇంజెక్షన్లు. ఒకసారి రేబిస్ టీకా పూర్తి కోర్సు వేసుకున్నాక రెండోసారి కరిచినప్పుడు రెండు డోసులు చాలంటే నమ్మకం కుదరదు.

1885 జులైలో లూయీ పాశ్చర్ తొమ్మిదేళ్ల జోసెఫ్ మీస్టర్‌కు వేసిన మందు ఎండబెట్టిన కుందేలు వెన్నుపాము నుంచి తీసింది. 1911లో హిమాచల్‌లోని కసౌలీలో బ్రిటిష్ వైద్యుడు డేవిడ్ సెంపుల్ జంతువుల మెదడులో పెరిగిన వైరస్‌ను ఫినాల్ అనే రసాయనంతో చంపి టీకా చేశాడు. చౌక, తయారీ తేలిక. కానీ అందులో వైరస్‌తో పాటు మెదడు కణజాలమూ ఉండేది. నరాలకు తొడుగుగా ఉండే మైలిన్ మీద ఒళ్లు తిరగబడి కొందరికి పక్షవాతం వచ్చేది. శక్తి తక్కువ గనుక రోజూ పొడవక తప్పేది కాదు. అయినా భారత్‌లో దాని తయారీ ఆగింది 2004 చివర్లోనే!

1960లలో మనిషి కణాల్లో వైరస్‌ను పెంచడం మొదలయ్యాక లెక్క మారింది. ఇరాన్‌లో పిచ్చి కుక్కలు, తోడేళ్లు తీవ్రంగా కరిచిన 45 మందికి ఈ టీకాను, రేబిస్ యాంటీబాడీలున్న సీరంతో కలిపి ఇస్తే ఒక్కరికీ రేబిస్ రాలేదని 1976లో వెల్లడైంది. ఈ తరహా టీకా పూర్తి కోర్సు, వైరస్‌ను గుర్తుపెట్టుకునే జ్ఞాపక కణాలను ఒంట్లో మిగులుస్తుంది. ఏళ్ల తర్వాత రక్తంలో వైరస్‌ను అడ్డుకునే యాంటీబాడీలు తగ్గినా, ఒక్క బూస్టర్‌తో అవి కొద్ది రోజుల్లోనే ఎగబాకుతాయి.

రెండు డోసుల లెక్క అక్కడిదే: 0 (మొదటి డోసు వేసే రోజు), 3 రోజుల్లో కండలోకి ఒక్కో పూర్తి డోసు, లేదా చర్మంలోకి ఒకే చోట 0.1 మి.లీ. ఇమ్యునోగ్లోబులిన్, అంటే బయట తయారైన యాంటీబాడీల మందు, అక్కర్లేదు. ఒళ్లు తానే యాంటీబాడీలు చేసుకోగలిగినప్పుడు బయటివి పోస్తే ఆ స్పందనే మందగించవచ్చు. పూర్తి కోర్సు తర్వాత 3 నెలల్లోపే మళ్లీ కరిస్తే గాయం శుభ్రం చేస్తే చాలని 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది.

శుభ్రం చేయడమంటే పైపైన తుడవడం కాదు. సబ్బు, ధారగా పారే నీళ్లతో 15 నిమిషాలు కడగాలి. పాత టీకా ఉన్నా ఇది తప్పదు.

తప్పులు ఎక్కువగా జరిగేది ఈ విషయాల్లోనే. పిరుదుకు వేస్తే మందు కొవ్వులో చిక్కి సరిగా పనిచేయదు. భుజం కండకు, పసివాళ్లకైతే తొడ ముందు, బయటి పక్కన వేయాలి. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికి పాత కోర్సు ఉన్నా, మళ్లీ పూర్తి కోర్సు, ఇమ్యునోగ్లోబులిన్ కావాలి. కార్డు లేకుండా ‘ఎప్పుడో వేయించుకున్నాం’ అంటే మొదటిసారి కరిచినట్టే చూడాలి. బొడ్డు చుట్టూ 14 పొడిపించుకున్నవాళ్లూ ఈ లెక్కలో టీకా లేనివాళ్లే.