పుట్టిన రోజే పడవలసిన టీకా: హెపటైటిస్-బి గురించి అపోహలు, వాస్తవాలు

కోనసీమ లంక గ్రామాల నుంచి మా ఆసుపత్రికి కాన్పుకు వచ్చే కుటుంబాలతో, పిల్లల వైద్యుడిగా నేను ఎక్కువసేపు మాట్లాడవలసి వచ్చేది ఈ ఒక్క టీకా గురించే.

అపోహ: పదకొండో రోజు పురుడు వెళ్లాక వేయించవచ్చు.

వాస్తవం: హెపటైటిస్-బి కాలేయాన్ని దెబ్బతీసే వైరస్. తల్లి రక్తంలో అది ఉంటే బిడ్డకు సోకేది ఎక్కువగా కాన్పు సమయంలోనే. అలా సోకిన శిశువుల్లో సుమారు 90 శాతం మందికి అది దీర్ఘకాలిక వ్యాధిగా మిగిలి, పెద్దయ్యాక సిర్రోసిస్‌కో (కాలేయం గట్టిపడి పాడవడం), కాలేయ క్యాన్సర్‌కో దారితీయవచ్చు. అదే వైరస్ పెద్దవారికి సోకితే 5 శాతం లోపు మందిలోనే అలా నిలిచిపోతుంది. అందుకే 24 గంటల గడువు. ఆలస్యమయ్యేకొద్దీ రక్షణ తగ్గుతుంది. ఒకసారి ఒక అమ్మమ్మగారు పంచాంగం తెరిచి, వర్జ్యం పోయాక వేయమన్నారు. తల్లికి వైరస్ లేదని అప్పటికే తేలింది, వర్జ్యమూ గంటన్నరే కనుక ఆగాను. మర్నాడు మంచిరోజంటే మాత్రం ఆగేవాడిని కాను.

అపోహ: తల్లికి పరీక్షలో లేదని వచ్చాక బిడ్డకు టీకా ఎందుకు?

వాస్తవం: నెల తప్పిన కొత్తలో చేసిన పరీక్ష, ఆ తరువాత సోకినదాన్ని చెప్పలేదు. పైగా ఎండిన రక్తపు మరకలో కూడా ఈ వైరస్ కనీసం 7 రోజులు బతికి ఉంటుంది కనుక, ఇంట్లో మరొకరికి ఉన్నా బిడ్డకు ముప్పే.

అపోహ: తల్లికి ఉంటే పాలు పట్టకూడదు.

వాస్తవం: పట్టవచ్చు. టీకాతో పాటు 12 గంటలలోపు రెండో తొడకు ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌ను అడ్డుకునే సిద్ధమైన యాంటీబాడీల ఇంజెక్షన్) కూడా వేయించాలి.

అపోహ: టీకా వల్లనే బిడ్డకు కామెర్లు వచ్చాయి.

వాస్తవం: టీకాలో వైరస్ ఉండదు, ఈస్ట్ కణాల్లో తయారుచేసిన వైరస్ పైపొర ప్రోటీన్ మాత్రమే ఉంటుంది. 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ దీన్ని మన దేశంలోనే తయారుచేసి విడుదల చేసింది. రెండో మూడో రోజున కనిపించే పసుపు సాధారణంగా ఎర్రరక్తకణాలు విరిగి పెరిగిన బిలిరుబిన్ అనే పసుపు పదార్థం వల్ల వచ్చేది. మొదటి రోజే కనిపించినా, అరిచేతులకూ అరికాళ్లకూ పాకినా వెంటనే చూపించండి. దయచేసి పసరు మాత్రం పోయకండి.

అపోహ: ఒక్క డోసుతో పని అయిపోయింది.

వాస్తవం: 6, 10, 14 వారాలకు వేసే పెంటావాలెంట్‌లోనూ (ఐదు జబ్బులకు కలిపి వేసే టీకా) ఇది ఉంటుంది. తొలికాన్పు పుట్టింట్లో జరిగి మూడో నెలలో అత్తవారింటికి వెళ్లే అమ్మాయిల విషయంలో చివరి డోసు తప్పిపోవడం తరచుగా చూస్తుంటాను, కారణం అడిగితే కార్డు అమ్మగారింటి బీరువాలో ఉండిపోయిందంటారు. దాన్ని సారెతో పాటే సర్దండి.