నాలుగు నట్లు విప్పితే సరిపోదా అన్నారుగా!

పిల్లలూ,

మొన్న నేను పికప్ కింద పడుకుని ఉంటే మీరిద్దరూ పక్కన గొంతుక్కూర్చుని, "పెద్ద టైర్లు వెయ్యడమంటే నట్లు విప్పి బిగించడమే కదా తాతయ్యా, రెండు రోజుల్నుంచి ఏం చేస్తున్నావు?" అన్నారు. అప్పుడు నా నోట్లో టార్చిలైటు ఉంది కాబట్టి బతికిపోయారు. జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

ముందు టైరు పక్కన అచ్చు వేసిన అంకెలు చూడండి. పాతదాని మీద 265/70 ఆర్17 అని ఉంది. 265 అంటే వెడల్పు, మిల్లీమీటర్లలో. 70 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 70 శాతం అని. చివరి 17 మాత్రం రిమ్ము వ్యాసం, అదేమో అంగుళాల్లో! ఒకే వరుసలో మిల్లీమీటర్లు, శాతం, అంగుళాలు కలిపేసిన మహానుభావుడెవరో గానీ, మీ లెక్కల మాస్టారైతే సున్నా వేసేవారు. అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు పెట్టి, రిమ్ముకు పైనొకటి కిందొకటి రెండు పక్కగోడలూ కూడితే పాత టైరు ఎత్తు సుమారు 803 మిల్లీమీటర్లు. కొత్తది 285/70 ఆర్17, అంటే 831. తేడా 28, మీ రెండు వేళ్ల వెడల్పంత.

ఆ 28లో మనకు బండి కింద దక్కేది 14 మాత్రమే. ఇరుసు ఉండేది చక్రం నడిమధ్యలో కదా, మిగతా సగం పైకి, మడ్గార్డ్ వైపు పెరుగుతుంది. కింద దక్కిన 14 కోసమే ఈ ఖర్చంతా. వెనక ఇరుసు మధ్యలో గుండ్రంగా ఉబ్బి ఉంటుందే, డిఫరెన్షియల్, బండి వెళ్లే దారిలో ముందుగా రాయి తగిలేది దానికే. కమాన్ల దగ్గర దిమ్మలు పెట్టి బాడీని ఎంత లేపినా అది అంగుళం కూడా లేవదు. టైరు పెరిగితేనే లేస్తుంది.

పైకి పోయిన 14 సంగతే నన్ను రెండు రోజులు పడుకోబెట్టింది. చాలా ఏళ్ల కిందట మొదటిసారి పెద్ద టైర్లు వేసినప్పుడు నేనూ మీలాగే నట్లు బిగించి, ఒక చుట్టు తిప్పి, బ్రహ్మాండం అనుకున్నాను. ఇంటికొచ్చి స్టీరింగ్ ఫుల్ కట్ చేసి రివర్స్ తీశానో లేదో, బర్రుమని చప్పుడు. మడ్గార్డ్ లోపలి ప్లాస్టిక్ చీరుకుపోయింది. నేరుగా పోయే బండిలో టైరు ఎక్కడా తగలదు. చక్రం పూర్తిగా తిరిగి, పైగా గుట్ట ఎక్కి సస్పెన్షన్ అణిగినప్పుడే తగులుతుంది.

అందుకే ఈసారి టైరు అంచులకు చుట్టూ సుద్ద పూశాను. ఒక చక్రాన్ని దిమ్మ మీదికి ఎక్కించి స్టీరింగ్‌ను ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పి, కిందికి దూరి చూశాను. తెల్లటి గీత ఎక్కడ పడితే టైరు అక్కడ రాసుకుంటున్నట్టు. కుడివైపు ప్లాస్టిక్ మీద వేలెడు గీత దొరికింది, అంతమేర కోసేశాను. (జాకీ ఒక్కదాని మీద నిలబెట్టిన బండి కిందికి చెయ్యి కూడా పెట్టకండి. స్టాండ్లు వేశాకే నేనూ దూరేది.)

ఇక మీటరు. పెద్ద చక్రం ఒక్క చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది, ఆ సంగతి మీటరుకు తెలియదు. 100 చూపిస్తుంటే మనం నిజానికి 103.5 మీద ఉంటాం. కిలోమీటర్లూ తక్కువే పడతాయి, దాంతో మైలేజీ అసలు కన్నా ఇంకా ఘోరంగా కనిపిస్తుంది. దాన్ని సరిచేయించాలి.

ఇంజనుకూ బరువే. గేర్ల సైకిల్లో వెనక చిన్న పళ్లచక్రం మీద గట్టెక్కితే తొడలు పీకుతాయే, అలాంటిది. మనకు మూడున్నర శాతం తేడానే కాబట్టి సర్దుకుంటుంది. అదే 35 అంగుళాల ఎత్తు టైర్లు వేస్తే తేడా పది శాతం దాటుతుంది. అప్పుడు ఇరుసులోని 3.73 గేర్లు (చక్రం ఒక్క చుట్టుకు ఇంజను వైపు షాఫ్టు 3.73 చుట్లు తిరిగేవి) తీసి 4.10 వేస్తే గానీ పాత లాగుడు రాదు. చూడ్డానికి బావుంటాయని 35లు వేసి, ఆ తర్వాత గేర్లకూ బ్రేకులకూ డబ్బు పోసేవాళ్లను చూస్తే నాకు జాలి. టైరు బరువు పెరిగితే ఆపడమూ కష్టమే మరి.

టైరు మోయగల బరువును చెప్పే అంకె పాతదాని కన్నా తగ్గకూడదు. అది చూసే కొన్నాను.

స్టెప్నీ కూడా అదే సైజు ఉండాలి. ఫోర్ వీల్‌లో (అంటే ఇంజను నాలుగు చక్రాలనూ తిప్పేటప్పుడు) నాలుగు చక్రాలూ కలిసి తిరగాలి, ఒకటి చిన్నదైతే గట్టి రోడ్డు మీద గేర్లు ఒకదాన్నొకటి పీక్కుంటాయి. కొత్త స్టెప్నీ ట్రాలీ కింద పట్టలేదు. ప్రస్తుతానికి పైన పడేసి కట్టాను.

ముందు ఎడమ చక్రం పరీక్ష ఇంకా మిగిలి ఉంది. ఆదివారం వచ్చేటప్పుడు నాలుగు సుద్దముక్కలు పట్టుకురండి, నా దగ్గరవి అయిపోయాయి.

మీ తాతయ్య