హైమెమ్ వివాదం: ముడి పడింది 1999లోనే

32-బిట్ లినక్స్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) నుంచి ‘హైమెమ్’ను, అంటే కెర్నెల్ నేరుగా చూడలేని మెమరీని వాడుకునే ఏర్పాటును, పూర్తిగా తొలగించాలన్న ప్రతిపాదన మళ్లీ చర్చకు వచ్చింది. 32 బిట్ల అడ్రసు 4 గిగాబైట్లకు మించి చేరదన్నది తెలిసిన విషయమే కానీ, నేటి వివాదానికి మూలం అది కాదు. 1995 నాటి ఇంటెల్ ప్రాసెసర్ పెంటియం ప్రో ‘పీఏఈ’ (భౌతిక అడ్రసు విస్తరణ) విధానంతో భౌతిక అడ్రసును 36 బిట్లకు, అంటే 64 గిగాబైట్లకు పెంచింది. ఇరుకు కెర్నెల్ సొంత వర్చువల్ స్థలంలో, అంటే అది వాడుకునే అడ్రసుల పరిధిలో, ఏర్పడింది. ప్రోగ్రాములకు 3 గిగాబైట్లు పోగా మిగిలిన ఒక్క గిగాబైట్‌లో కెర్నెల్ నేరుగా, శాశ్వతంగా చూడగలిగిన మెమరీ 896 మెగాబైట్లే.

అసలు మలుపు 1999లో, లినక్స్ 2.3 అభివృద్ధి శ్రేణిలో వచ్చింది. ఆ హద్దుకు పైనున్న పేజీలను (మెమరీ ముక్కలను) అవసరమైనప్పుడు తాత్కాలికంగా మ్యాప్ చేసుకుని, అంటే కెర్నెల్ అడ్రసుకు జోడించుకుని, పని కాగానే వదిలేయాలని నిర్ణయించారు. అదే హైమెమ్. పెద్ద సర్వర్లకు అది ఊరటే. కానీ అప్పటి నుంచి ఫైల్ సిస్టమ్ రాసేవారైనా, డ్రైవర్ రాసేవారైనా, చేతిలో ఉన్న పేజీకి కెర్నెల్ అడ్రసు ఉందో లేదో ముందుగా ఆలోచించుకోవలసి వచ్చింది. తమ కోడ్ వాడేవారంతా 64-బిట్‌కు మారిపోయినా ఆ భారం తప్పలేదు. పైగా పేజీల వివరాల పట్టిక కూడా ఆ 896 మెగాబైట్లలోనే ఇమడాలి. 4 కిలోబైట్ల పేజీకి 32 బైట్ల చొప్పున లెక్కించినా, 64 గిగాబైట్ల యంత్రంలో ఆ పట్టికకే 512 మెగాబైట్లు పోతాయి.

అడ్రసు లెక్కల్లోనూ చిక్కుంది. భౌతిక అడ్రసు రాబట్టడానికి పేజీ సంఖ్యను 12 బిట్లు ఎడమకు జరిపే ముందు 64-బిట్ రకంలోకి మార్చకపోతే పై బిట్లు రాలిపోతాయి. తక్కువ మెమరీ ఉన్న యంత్రంలో ఎంత పరీక్షించినా ఆ దోషం బయటపడదు. 32-బిట్ విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2లో 4 గిగాబైట్ల పైనున్న అడ్రసులను వాడకుండా ఆపడానికి, పెద్ద అడ్రసులను సరిగా పట్టించుకోని డ్రైవర్లే కారణం.

2003లో ఏఎండీ 64-బిట్ ప్రాసెసర్ ఆప్టెరాన్ వచ్చాక సర్వర్లు క్రమంగా 64-బిట్‌కు మళ్లాయి. హైమెమ్ మాత్రం మిగిలిపోయింది. 2025లో వచ్చిన 6.15 కెర్నెల్ ఎక్స్86పై (ఇంటెల్, ఏఎండీ తరహా ప్రాసెసర్లపై) 64 గిగాబైట్ల మద్దతును తీసివేసింది. ఇప్పుడు అభ్యంతరం ప్రధానంగా 32-బిట్ ఆర్మ్ ప్రాసెసర్లున్న పరికరాలవారిది: ఇంకా పనిచేస్తున్న యంత్రాలకు భద్రతా సవరణలు ఆగకూడదని వారు కోరుతున్నారు. 2 గిగాబైట్ల లోపు పరికరాల్లో చాలావాటికి వర్చువల్ స్థలాన్ని ప్రోగ్రాములకు, కెర్నెల్‌కు సమంగా పంచితే హైమెమ్ దాదాపు అక్కరలేదు. 4 గిగాబైట్లున్న కొద్దిపాటి యంత్రాలకు ఆ ఉపాయం చాలదు కాబట్టి, వాటిని దీర్ఘకాలిక మద్దతున్న పాత కెర్నెల్‌పైనే నడపాలన్నది తొలగింపు కోరేవారి సూచన.