దుమ్మే సాక్షి

మట్టిరోడ్డు మీద ఎర్రబస్సు వెళ్ళాక లేచే దుమ్ము ఎంతసేపు ఉంటుందో పల్లెలో పెరిగినవాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. బస్సు మలుపు తిరిగి కనబడకుండా పోయినా దుమ్ము మాత్రం గాల్లో తేలుతూ, పక్క చేల మీదికి జరుగుతూ తీరిగ్గా దిగుతుంది. మనిషి చంద్రుడి మీదికి వెళ్ళనే లేదు, అంతా స్టూడియోలో తీసి చూపించారు అనేవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళ మాట పక్కన పెట్టి 1972 ఏప్రిల్‌లో అమెరికా అపోలో 16 యాత్రికులు తీసిన ఫిల్ము చూడండి. జాన్ యంగ్ చంద్రుడి మీద రోవర్ అనే బండి నడుపుతుంటే చార్లెస్ డ్యూక్ నిలబడి తీశాడు. చక్రాల వెనక దుమ్ము ఎగురుతుంది, విసిరిన రాయిలా వంపు తిరుగుతుంది, కింద పడిపోతుంది. అంతే. తేలడం లేదు, మబ్బు కట్టడం లేదు.

దుమ్మును తేల్చేది గాలి. గాలి లేనిచోట రాయైనా రేణువైనా ఒకేలా పడతాయి. ‘మామూలుగా తీసి స్లో మోషన్‌లో చూపించారు’ అంటారు కొందరు. బస్సు దుమ్మును స్లో మోషన్‌లో చూపిస్తే ఇంకా నెమ్మదిగా తేలుతుంది గానీ తేలడం మానదు. ఆ దృశ్యం భూమ్మీద తియ్యాలంటే కారు పరుగెత్తేంత పెద్ద స్టూడియోలోంచి గాలి మొత్తం తోడెయ్యాలి. దానికంటే చంద్రుడి మీదికి వెళ్ళి రావడమే సులువేమో!

చంద్రయాత్ర అంతా నాటకమన్న వాదన 1976లో అమెరికాలో ఒకాయన సొంతంగా అచ్చువేసుకున్న పుస్తకంతో బాగా ప్రచారంలోకి వచ్చింది. అప్పటి నుంచీ అవే ప్రశ్నలు. గాలి లేనిచోట జెండా ఎలా రెపరెపలాడిందన్న ప్రశ్న వింటే నాకు విసుగు: పై అంచున అడ్డంగా ఒక కడ్డీ ఉంది, అపోలో 11లో అది పూర్తిగా సాగలేదు, అందుకే ఆ ముడతలు. ఫొటోల్లో చుక్కలేవీ అంటారు. పెళ్ళిలో కొత్త దంపతులకి అరుంధతిని చూపిస్తున్నప్పుడు తీసిన ఫొటో ఉంటే బయటికి తియ్యండి. పట్టుచీర జరీ మెరుస్తూ ఉంటుంది, అరుంధతి మాత్రం కనిపించదు. ఎండలో తళతళలాడే తెల్లటి సూట్లకి తగ్గట్టు కెమెరాను సర్దితే చుక్కల మసకవెలుగు ఫిల్ముకి అందదు.

ఒక్క ప్రశ్నను మాత్రం గౌరవిస్తాను. అంత పెద్ద రాకెట్ ఇంజను మండుతూ దిగితే కింద గొయ్యి పడాలి కదా? ఈ మాట మొదట బయటపెట్టింది అనుమానించినవాళ్ళు కాదు, ఆర్మ్‌స్ట్రాంగే. 1969 జులైలో చంద్రుడి నేల మీద కాలుపెట్టిన కాసేపటికే, ఇంజను కింద గొయ్యేమీ పడలేదని అక్కడి నుంచే చెప్పాడు. అతను దిగిన వాహనం బరువు భూమ్మీదైతే సుమారు ఏడు టన్నులు, చంద్రుడి మీద అందులో ఆరో వంతు. చివర్లో ఇంజను మొయ్యాల్సింది ఆ కాస్త బరువునే. ఆ తోపు కూడా ఒకటిన్నర మీటరు వెడల్పున్న మూతిలోంచి పరుచుకుని వస్తుంది. అది గొయ్యి తవ్వదు, పైపొరను ఊడ్చేస్తుంది.

ఊడ్చిన ఆనవాలు ఎలా ఉంటుందో మన చేతిలోనే ఉంది. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగక ముందూ దిగాక తీసిన ఫొటోలను హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం శాస్త్రవేత్తలు పోల్చి చూశారు. దిగిన వాహనం విక్రమ్ చుట్టూ 108.4 చదరపు మీటర్ల మేర పైపొర చెదిరింది. లేచిన దుమ్ము సుమారు 2.06 టన్నులని లెక్కగట్టారు. ఆ ఫొటోలు తీసింది 2019లో శ్రీహరికోట నుంచి వెళ్ళిన చంద్రయాన్-2 కెమెరా. అపోలో 11 దిగినచోట ఇప్పటికీ నిలబడి ఉన్న వాహనం కింది సగాన్ని ఫొటో తీసింది కూడా అదే కెమెరా.

‘తడి లేనిచోట బూటు అచ్చు అంత స్పష్టంగా ఎలా పడింది?’ పొడి ముగ్గుపిండిలో వేలు గుచ్చి చూడండి. ఏటి ఇసుక నీళ్ళలో దొర్లి నునుపెక్కింది కాబట్టి జారిపోతుంది. చంద్రుడి మీద పారే నీళ్ళూ వీచే గాలీ లేవు, రేణువులు పగిలిన గాజుపెంకుల్లా పదునుగా ఉంటాయి, ఒకదాన్నొకటి పట్టుకుంటాయి.

అమెరికా ఆరు యాత్రల్లో 382 కిలోల రాళ్ళూ మట్టీ తెచ్చింది. సోవియట్ లూనా-16 అనే మరయంత్రం 1970లో 101 గ్రాములు తెచ్చింది. 1971లో రెండు దేశాలూ కొంత కొంత మార్చుకున్నాయి. అమెరికా మట్టి నకిలీదైతే అది బయటపెట్టే అవకాశాన్ని ప్రచ్ఛన్నయుద్ధం నడుస్తున్న రోజుల్లో మాస్కో వదులుకునేదా? పైగా ఆ రాళ్ళ మీద సూక్ష్మ ఉల్కలు పొడిచిన కంటికానని గుంటలున్నాయి. భూమ్మీద అంత చిన్న ఉల్కలు అంత వేగంతో నేలదాకా రాలేవు, గాలి వాటిని పైనే ఆపేస్తుంది.

ఇక అద్దాలు. అపోలో 11, 14, 15 యాత్రికులు వదిలి వచ్చిన, వెలుగును వచ్చిన దారినే తిప్పి పంపే పట్టకాల పలకల మీదికి శాస్త్రవేత్తలు నేటికీ లేజరు కొడుతున్నారు. వెలుగు వెళ్ళి రావడానికి సుమారు రెండున్నర సెకన్లు. చంద్రుడు ఏటా 3.8 సెంటీమీటర్లు దూరమవుతున్నాడని తేల్చింది ఈ కొలతలే. అయితే తిరిగొచ్చే వెలుగు ఇప్పుడు రావలసినదాంట్లో పదో వంతే ఉంది, పున్నమి రోజుల్లో ఇంకా పడిపోతుంది. పట్టకాలు వేడెక్కుతున్నాయనీ, వాటి మీద పేరుకున్న దుమ్మే అందుకు కారణం కావచ్చనీ న్యూ మెక్సికోలో ఈ కొలతలు తీసే శాస్త్రవేత్తల అనుమానం.