అందరికీ అందే ఇల్లు: స్థానిక సంస్థలు ఏం చేయగలవు? అపోహలు - వాస్తవాలు

పట్టణ ప్రణాళికలో పనిచేసేవాళ్లని జనం తరచూ ఒకటే అడుగుతారు: "ఇళ్ల ధరలు ఇంతలా పెరిగిపోతుంటే మున్సిపాలిటీ ఏం చేస్తోంది?" ఆ కోపం న్యాయమైనదే. జీతంలో సగం అద్దెకే పోతుంటే ఎవరికైనా టెన్షన్ ఉంటుంది. అయితే ఈ విషయంలో కొన్ని తప్పు నమ్మకాలు గట్టిగా పాతుకుపోయాయి. తీర్మానాలు చేసే కౌన్సిల్ సభ్యుల్లో కూడా అవి కనిపిస్తాయి. అందుకే వీటి గురించి వివరంగా రాయాలనిపించింది.

అపోహ: అందుబాటు ధర ఇల్లంటే ప్రభుత్వం పేదలకిచ్చే చిన్న ఇల్లు.

ఇంటి ఖర్చు ఆ కుటుంబం ఆదాయంలో ఎంత భాగం అన్నదే ఇక్కడ లెక్క. చాలా చోట్ల 30 శాతాన్ని హద్దుగా తీసుకుంటారు. అమెరికాలో 1969లో ఒక చట్ట సవరణ ప్రభుత్వ ఇళ్ల అద్దెను అద్దెదారు ఆదాయంలో 25 శాతానికి పరిమితం చేసింది, 1981లో దాన్ని 30కి పెంచారు. నా ఉద్దేశంలో బాగా తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి ఆ 30 కూడా బరువే. నర్సు, బస్సు డ్రైవర్, కొత్తగా చేరిన టీచర్ కూడా ఈ లెక్కలోకి వస్తారు. కాబట్టి ఏ ఆదాయం ఉన్న కుటుంబాలు ఎన్ని, వాళ్లు భరించగల అద్దెలో ఊళ్లో ఉన్న ఇళ్లెన్ని అనే లెక్కతోనే ప్రణాళిక మొదలవ్వాలి. ఈ లెక్క తీయకుండా "ఇన్ని వేల ఇళ్లు కడతాం" అని ప్రకటిస్తే, ఆ ఇళ్లు ఎవరి కోసమో ఎవరికీ తెలియదు.

అపోహ: డబ్బులేని మున్సిపాలిటీ చేయగలిగింది ఏమీ లేదు.

నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించే అపోహ ఇది. ఇంటి ధరలో పెద్ద భాగం పునాది తవ్వకముందే, రూల్స్ పుస్తకంలోనే నిర్ణయమైపోతుంది. ప్లాటు కనీసం ఎంత ఉండాలి, చుట్టూ ఎంత ఖాళీ వదలాలి, ఎన్ని అంతస్తులు వేయొచ్చు, ఏ వీధిలో అపార్ట్‌మెంట్‌కి అనుమతి ఉంది... ఇవన్నీ చాలా దేశాల్లో స్థానిక సంస్థలే రాస్తాయి. వీటిని మార్చడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు.

అమెరికాలోని హ్యూస్టన్ నగరం 1998లో నగర మధ్య ప్రాంతంలో కనీస ప్లాటు సైజును 5,000 చదరపు అడుగుల నుంచి 1,400కి తగ్గించే వీలు కల్పించింది. ఒక ఇల్లున్న చోట మూడు లేచాయి, భూమి ధర మూడు కుటుంబాల మధ్య పంచుకున్నట్టయింది. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ నగరం 2016లో తన నివాస భూమిలో సుమారు నాలుగింట మూడొంతులలో ఎక్కువ ఇళ్లు కట్టుకునేలా నియమాలు సడలించింది. ఆ తర్వాతి ఐదారేళ్లలో కొత్త ఇళ్ల అనుమతులు దాదాపు రెట్టింపయ్యాయి.

పార్కింగ్ నిబంధన సంగతి చాలామంది గమనించరు. ఒక కారు పెట్టుకోవడానికి, దారితో కలిపి, దాదాపు 300 చదరపు అడుగులు కావాలి. ఇంటికి రెండు కార్ల చోటు తప్పనిసరి అంటే, కారే లేని కుటుంబం కూడా ఆ 600 అడుగుల ఖర్చు అద్దెలో కడుతున్నట్టే. అమెరికాలోని బఫెలో నగరం 2017లో ఈ కనీస పార్కింగ్ నిబంధనను నగరమంతటా తీసేసింది.

ఫీజుల్లో కూడా ఇలాంటిదే ఒకటుంది. అభివృద్ధి ఫీజును చదరపు అడుగుల లెక్కన కాకుండా ఇంటికింత అని వసూలు చేస్తే చిన్న ఇంటి మీదే ఎక్కువ భారం పడుతుంది. బిల్డర్ సహజంగానే పెద్ద ఇళ్ల వైపు మొగ్గుతాడు. పర్మిషన్ ఆలస్యమైన ప్రతి నెలా భూమి మీద తెచ్చిన అప్పుకి వడ్డీ నడుస్తుంటుంది. చివరికి ఆ వడ్డీలో కొంతైనా కొనేవాళ్ల మీదే పడుతుంది.

అపోహ: శివార్లలో భూమి చౌక, అక్కడ కడితే సరిపోతుంది.

ఇంటి ఖర్చుకి ప్రయాణ ఖర్చు కలిపి చూడండి. రెండూ కలిపి ఆదాయంలో 45 శాతం దాటకూడదని అమెరికాలోని సెంటర్ ఫర్ నైబర్‌హుడ్ టెక్నాలజీ ఒక కొలమానం పెట్టింది. శివారు ఇల్లు చాలాసార్లు ఈ హద్దు దాటేస్తుంది. పైగా అంతదూరం నీళ్లు, డ్రైనేజీ, బస్సు తీసుకెళ్లే ఖర్చు మళ్లీ స్థానిక సంస్థ నెత్తినే పడుతుంది. ఊరి మధ్యలో వాడకుండా పడి ఉన్న డిపోలు, పాత ఆఫీసులు, పార్కింగ్ స్థలాల జాబితా ముందు తీయాలి. వాటిని వేలంలో అమ్మేయకుండా దీర్ఘకాలిక లీజుకి ఇస్తే, భూమి చేతిలోనే ఉంటుంది, షరతులు పెట్టే హక్కూ ఉంటుంది.

అపోహ: ప్రతి బిల్డరూ ఇన్ని చౌక ఇళ్లు ఇవ్వాలని రూల్ పెడితే చాలు.

అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రంలోని మాంట్‌గోమరీ కౌంటీ (మన జిల్లా లాంటిది) 1974లోనే ఈ పని చేసింది. ప్రతిగా బిల్డర్‌కి మామూలు పరిమితి కంటే ఎక్కువ ఇళ్లు కట్టుకునే అవకాశమిచ్చింది. ఆ ఇచ్చిపుచ్చుకోవడం లేకుండా శాతం మాత్రం ఎక్కువ పెడితే ప్రాజెక్టులే ఆగిపోతాయి, సున్నాలో 25 శాతం సున్నాయే. రెండో పాఠం గడువు గురించి. మొదట్లో అక్కడ ధర నియంత్రణ 5 ఏళ్లే ఉండేది. గడువు తీరాక వేలాది ఇళ్లు మార్కెట్ ధరకి వెళ్లిపోయాయి. 2005లో అమ్మే ఇళ్లకి 30 ఏళ్లు, అద్దె ఇళ్లకి 99 ఏళ్లు చేశారు. ఇలాంటి పథకం ఏది చూసినా నేను ముందు వెతికేది గడువు ఎంతన్నదే.

అపోహ: ప్రభుత్వ ఇళ్లు ఎప్పటికైనా మురికివాడలైపోతాయి.

దీనికి అందరూ చూపించేది అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో ఉండిన ప్రూయిట్-ఐగో అనే ప్రభుత్వ ఇళ్ల సముదాయం. 1950ల మధ్యలో పూర్తయిన 33 భవనాలు, ఒక్కోటి 11 అంతస్తులు. 1972లో కూల్చివేత మొదలైంది. తప్పు డిజైన్‌దే అనుకుంటారు. కానీ అసలు సమస్య డబ్బుది: కట్టడానికి కేంద్ర ప్రభుత్వం డబ్బిచ్చింది, నిర్వహణ మాత్రం అద్దెలతోనే నడవాలి. నగర జనాభా తగ్గింది, ఇళ్లు ఖాళీ అయ్యాయి, అద్దెల రాబడి తగ్గి లిఫ్టులు బాగుచేయించే డబ్బు కూడా లేకపోయింది. అదే ఆస్ట్రియా రాజధాని వియన్నాకి వెళ్తే, 1930లో ప్రారంభమైన కార్ల్-మార్క్స్-హోఫ్ అనే నగర ప్రభుత్వ ఇళ్ల సముదాయంలో ఇప్పటికీ కుటుంబాలు కాపురం ఉంటున్నాయి. ఆ నగరం చేతిలో దాదాపు 2,20,000 ఇళ్లున్నాయి. ఆదాయ పరిమితిని అక్కడ చాలా పైన పెట్టారు. ఇల్లు ఇచ్చేటప్పుడే ఆదాయం చూస్తారు, తర్వాత పెరిగిందని ఖాళీ చేయించరు. దాంతో రకరకాల ఆదాయాలవాళ్లు ఒకే మెట్ల మీద తిరుగుతారు, నిర్వహణకి డబ్బూ నిలకడగా వస్తుంది.

పక్కన ఇలాంటి ఇళ్లొస్తే మన ఆస్తి విలువ పడిపోతుందన్న భయానికి ఒకటే జవాబు లేదు. అమెరికాలో జరిగిన ఒక పెద్ద అధ్యయనంలో పేద ప్రాంతాల్లో చుట్టుపక్కల ధరలు పెరిగాయి, కొన్ని సంపన్న ప్రాంతాల్లో కొద్దిగా తగ్గాయి.

అపోహ: బహిరంగ విచారణలో వినిపించేదే ఊరి అభిప్రాయం.

కొత్త ప్రాజెక్టు మీద జనం మాట వినడానికి పెట్టే ఈ విచారణకి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇప్పటికే సొంత ఇల్లున్నవాళ్లు, వయసు పైబడినవాళ్లు. రాబోయే ఇంట్లో ఉండాల్సిన కుటుంబం ఇంకా ఆ ఊరికే రాలేదు, లేదా ఆ టైముకి డ్యూటీలో ఉంది. అందుకని ప్రాజెక్టు వచ్చిన ప్రతిసారీ గొడవపడే బదులు, మాస్టర్ ప్లాన్ దశలోనే చర్చ పూర్తి చేయడం మేలు. సాయంత్రం పూట సమావేశాలు పెట్టాలి, అద్దెకుండేవాళ్ల దగ్గరికి వెళ్లి అడగాలి. ప్లాన్‌లో రాసుకున్న నియమాలకి సరిపోయే ప్రాజెక్టుకి ఆ తర్వాత వేరే విచారణ లేకుండానే పర్మిషన్ ఇవ్వాలి.